స్కాన్‌లో మార్పు లేదు, రక్తంలో అంకె పెరిగింది: ఈజీఎఫ్ఆర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో సీటీడీఎన్ఏ ఫాలోఅప్, ఒక కేస్ స్టడీ

ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉన్న నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ఆ మార్పును అణిచే ఒసిమెర్టినిబ్ మాత్ర రోజుకొకటి వేసుకుంటూ ఏడాదిగా బాగున్న పేషెంట్. సీటీలో కణితులు పోయినసారి ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. రక్తంలోని కణితి డీఎన్ఏ (సీటీడీఎన్ఏ) పరీక్షలో మాత్రం తొమ్మిది నెలలుగా సున్నా ఉన్న చోట 0.12 శాతం అని వచ్చింది. ఇంట్లోవాళ్లు రిపోర్టు పట్టుకొచ్చి అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, మందు మార్చాలా?" ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇది ఒక్క మనిషి కేస్‌షీట్ కాదు. ఇలాంటి పేషెంట్లలో తరచూ ఎదురయ్యే మలుపులను ఒకే వరసలో పేర్చిన బోధనా కేసు. ఇందులోని పేషెంట్ అంకెలు లెక్క అర్థమయ్యేందుకు పెట్టినవి. ట్రయల్స్ ఫలితాలు, పరీక్ష పద్ధతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

పేషెంట్, మొదటి పరీక్షలు

58 ఏళ్ల మహిళ, ఖమ్మం వైపు పల్లె. బీడీ, చుట్ట అలవాటు లేదు. మూడు నెలలుగా దగ్గు, ఆయాసం. టీబీ అనుకుని మొదలైన పరీక్షల్లో ఎడమ వైపు ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు) బయటపడింది. తీసిన నీటిలోని కణాలను దిమ్మగా చేసి చూసిన సెల్ బ్లాక్‌లో అడినోకార్సినోమా (గ్రంథి కణాల రకం క్యాన్సర్), ఊపిరితిత్తి నుంచే వచ్చిందని సూచించే టీటీఎఫ్-1 పాజిటివ్. పీఈటీ-సీటీలో ఎడమ పై లోబ్‌లో ప్రధాన కణితి, వెన్నుపూసల్లో రెండు చోట్ల వ్యాప్తి. మెదడు ఎంఆర్ఐ శుభ్రం. టిష్యూ పరీక్షలో ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ (ఆ జీన్‌లో చిన్న ముక్క ఊడిపోయే మ్యుటేషన్, అంటే మార్పు). ఆగస్టులో ఒసిమెర్టినిబ్ 80 మి.గ్రా. మొదలైంది.

టిష్యూలో మ్యుటేషన్ దొరికాక కూడా, మందు మొదలుపెట్టకముందే రక్తం తీసి ప్లాస్మాను (కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) ఎన్‌జీఎస్ ప్యానెల్‌కు (చాలా జీన్లను ఒకేసారి చదివే పరీక్ష) పంపారు. ఈ బేస్‌లైన్ లేకుండా తర్వాత చేసే ఫాలోఅప్‌కు విలువ సగానికి పైగా తగ్గుతుంది. కణితి రక్తంలోకి డీఎన్ఏ వదిలే రకమో కాదో మొదటిరోజే తెలియాలి. వదలని కణితి ఉన్న మనిషికి ఆరు వారాలకు "కనబడలేదు" అని రిపోర్టు వస్తే అది మందు పనిచేసినట్టు కాదు. ఛాతీకే పరిమితమైన జబ్బు, పొట్టలో పెరిటోనియం మీద పరుచుకున్న జబ్బు తక్కువ వదులుతాయి. కాలేయంలో వ్యాప్తి ఉంటే ధారాళంగా వదులుతుంది.

బేస్‌లైన్‌లో వచ్చినవి: సీఎఫ్‌డీఎన్ఏ (కణాల బయట రక్తంలో తిరిగే మొత్తం డీఎన్ఏ, కణితిదీ మామూలుదీ కలిపి) మి.లీ. ప్లాస్మాకు 14 నానోగ్రాములు, ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ 4.2 శాతం, టీపీ53 మ్యుటేషన్ 3.6 శాతం, డీఎన్ఎమ్‌టీ3ఏ మ్యుటేషన్ 1.8 శాతం. శాతం అంటే ఆ జీన్ కాపీల్లో మార్పు ఉన్నవాటి వాటా. ఈ మూడో మ్యుటేషన్ తర్వాత గందరగోళం పెడుతుంది. గుర్తుంచుకోండి.

రక్తం తీయడం దగ్గరే సగం పరీక్ష

సీటీడీఎన్ఏ తప్పులు చాలావరకు సీక్వెన్సర్‌లో జరగవు. ట్యూబులో, పార్సిల్‌లో, సెంట్రిఫ్యూజ్‌లో జరుగుతాయి. కారణం ఒక్కటే: రక్తంలోని తెల్లకణాలు చితికితే వాటి డీఎన్ఏ ప్లాస్మాలోకి వచ్చి పడుతుంది. ఆ కణాల్లో కణితి మ్యుటేషన్ ఉండదు కాబట్టి కణితి వాటా పలుచబడిపోతుంది.

మామూలు ఈడీటీఏ ట్యూబులో తీస్తే కొద్ది గంటల్లో, వీలైతే రెండు నుంచి నాలుగు గంటల్లోపు, ప్లాస్మా వేరు చేయాలి. ల్యాబ్ అదే భవనంలో ఉంటే అదే మంచిది, చవక కూడా. బయటికి పంపాలంటే తెల్లకణాలు చితకకుండా పట్టి ఉంచే ప్రిజర్వేటివ్ ఉన్న ట్యూబులు వాడాలి. వీటిలో ఎక్కువగా వాడే స్ట్రెక్ ట్యూబుకు తయారీదారు చెప్పే పరిధి 6 నుంచి 37 డిగ్రీల సెల్సియస్, 14 రోజుల వరకు. ఏడు రోజులు దాటనివ్వకపోవడం మేలు. సీరం ట్యూబు పనికిరాదు, ఎందుకంటే గడ్డకట్టేటప్పుడే తెల్లకణాల డీఎన్ఏ కుప్పలుగా విడుదలవుతుంది. హెపారిన్ ట్యూబు కూడా పనికిరాదు, హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్ఏ కాపీలు పెంచి చూసే చర్య) అడ్డుకుంటుంది. అందుకే హెపారిన్‌తో ఫ్లష్ చేసిన కీమో పోర్టు నుంచి తీయాల్సి వస్తే మొదటి కొన్ని మి.లీ. పారబోసి ఆ తర్వాత తీస్తారు. చేతి నరం దొరికితే పోర్టు జోలికే పోనక్కరలేదు.

నర్సుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. 10 మి.లీ. ట్యూబులు రెండు. ట్యూబు నిండాలి, సగం నింపితే ప్రిజర్వేటివ్ నిష్పత్తి చెడుతుంది. తీసేటప్పుడు చేయి కిందికి వాల్చి ఉంచాలి, ట్యూబులోని రసాయనం నరంలోకి వెనక్కి పోకూడదు. నిండిన వెంటనే ఎనిమిది నుంచి పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. షేక్ చేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇది చాలాచోట్ల జారిపోయే విషయం, ఎందుకంటే రక్తం అంటే ఫ్రిజ్ అని అందరికీ అలవాటు.

ఎప్పుడు తీయాలన్నది ఇంకో సంగతి. కీమో ఇచ్చిన మొదటి కొద్ది రోజుల్లో తీస్తే చచ్చే కణాల డీఎన్ఏతో అంకెలు ఎగుడుదిగుడవుతాయి, అందుకే తర్వాతి సైకిల్ మొదలయ్యే ముందు తీస్తారు. సర్జరీ అయితే కొన్ని వారాలు ఆగాలి, మానుతున్న గాయమే సీఎఫ్‌డీఎన్ఏను పెంచేస్తుంది. జ్వరం, న్యుమోనియా ఉన్నప్పుడు వాయిదా వేయడమే మంచిది.

ల్యాబులో రెండు సార్లు తిప్పాలి. మొదట 1,600 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్లు) దగ్గర 10 నిమిషాలు, బ్రేక్ లేకుండా. పైన ప్లాస్మా తీసేటప్పుడు బఫీ కోట్ (ప్లాస్మా కింద తేరే తెల్లకణాల పొర) మీద అర సెంటీమీటరు మందాన వదిలేయాలి, చివరి చుక్క దాకా ఆశపడితే తెల్లకణాలు లేచొస్తాయి. తీసిన ప్లాస్మాను కొత్త ట్యూబులో 16,000 జీ దగ్గర మరో 10 నిమిషాలు తిప్పి, అడుగున చేరింది వదిలేసి, మైనస్ 80 డిగ్రీల దగ్గర చిన్న చిన్న వాటాలుగా దాచాలి. కరిగించి మళ్లీ గడ్డకట్టించకూడదు. బఫీ కోట్ పారేయకండి. దాని అవసరం కింద వస్తుంది.

చిన్న ల్యాబుల్లో సెంట్రిఫ్యూజ్ మీద ఆర్‌పీఎమ్ మాత్రమే రాసి ఉంటుంది. 1,600 జీ అంటే 1,600 ఆర్‌పీఎమ్ అనుకుంటే ప్లాస్మా సరిగా విడిపోదు. జీ = 0.00001118 × రోటర్ వ్యాసార్ధం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎమ్ వర్గం. 15 సెం.మీ. రోటర్‌కు 1,600 జీ అంటే దాదాపు 3,090 ఆర్‌పీఎమ్. 10 సెం.మీ. రోటర్‌కు 3,780. ఈ లెక్క కాగితం మీద రాసి మెషిన్‌కు అంటించేస్తే గొడవ వదులుతుంది.

అంకెల వరస

మందు మొదలయ్యాక ఆరు వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తం తీశారు. వారం 0, వారం 6, నెల 15 శాంపిళ్లు ఎన్‌జీఎస్ ప్యానెల్‌కు వెళ్లాయి. మిగతావి ఎక్సాన్ 19 డిలీషన్ ఒక్కదాన్నే వెతికే డీడీపీసీఆర్‌కు (శాంపిల్‌ను వేల సన్నని చుక్కలుగా విడగొట్టి లెక్కించే పీసీఆర్). డీడీపీసీఆర్ ఖర్చు ప్యానెల్‌లో చిన్న వాటా, ఫలితం త్వరగా వస్తుంది, 0.1 శాతం దాకా పట్టగలదు. కానీ అడిగిందే చూస్తుంది. కొత్తగా పుట్టిన రెసిస్టెన్స్ మ్యుటేషన్ దానికి కనబడదు. రెండింటినీ కలిపి వాడటం డబ్బు సొంతంగా కట్టుకునే పేషెంట్లకు సరిపోయే ఏర్పాటు, షరతు ఒకటే: మధ్యలో ల్యాబ్ మార్చకూడదు. ఒక ల్యాబ్ ఇచ్చిన 0.3ను ఇంకో ల్యాబ్ ఇచ్చిన 0.5తో పోల్చి జబ్బు పెరిగిందనడం కుదరదు.

| సమయం | సీఎఫ్‌డీఎన్ఏ (నా.గ్రా./మి.లీ.) | ఎక్సాన్ 19 డిలీషన్ (శాతం) | మ్యుటెంట్ కాపీలు/మి.లీ. | సీటీ |
|---|---|---|---|---|
| వారం 0 | 14 | 4.2 | 176 | బేస్‌లైన్ |
| వారం 6 | 6 | కనబడలేదు | – | – |
| నెల 3 | 6 | కనబడలేదు | – | పార్షియల్ రెస్పాన్స్ (కొంత తగ్గింది) |
| నెల 6 | 6 | కనబడలేదు | – | అలాగే ఉంది |
| నెల 9 | 95 | శాంపిల్ తిరస్కరణ | – | అలాగే ఉంది |
| నెల 9, మళ్లీ | 7 | కనబడలేదు | – | – |
| నెల 12 | 7 | 0.12 | 2.5 | అలాగే ఉంది |
| నెల 13 | 8 | 0.35 | 8.4 | అలాగే ఉంది |
| నెల 15 | 11 | 2.4 | 79 | కాలేయంలో కొత్త మచ్చ |
| నెల 17 | 9 | 0.2 | 5.4 | తగ్గింది |
| నెల 19 | 6 | కనబడలేదు | – | తగ్గింది |

నాలుగో నిలువు వరస చాలా రిపోర్టుల్లో ఉండదు, చేత్తో వేసుకోవాలి. ఒక నానోగ్రాము డీఎన్ఏలో సుమారు 300 జీనోమ్ కాపీలుంటాయి. కాబట్టి మి.లీ.కి నానోగ్రాములు × 300 × మ్యుటేషన్ శాతం. ఉదాహరణకు 14 × 300 × 0.042 = 176. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం: అది నిష్పత్తి. ఒంట్లో ఇన్ఫెక్షన్ వచ్చి మొత్తం సీఎఫ్‌డీఎన్ఏ రెట్టింపయితే, కణితి వదిలేది ఏమీ మారకపోయినా శాతం సగమవుతుంది. కాపీల లెక్క ఆ తప్పు నుంచి కొంత కాపాడుతుంది.

వారం 6: పోని మ్యుటేషన్

ఆరు వారాల ఎన్‌జీఎస్‌లో ఈజీఎఫ్ఆర్ పోయింది, టీపీ53 పోయింది, డీఎన్ఎమ్‌టీ3ఏ మాత్రం 1.9 శాతంతో అలాగే ఉంది. రిపోర్టు పై పేజీలో "సీటీడీఎన్ఏ గుర్తించబడింది" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చదివి జబ్బు మిగిలిందనుకోవడం ఈ రంగంలో మామూలుగా జరిగే పొరపాటు.

డీఎన్ఎమ్‌టీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 లాంటి జీన్లలో మ్యుటేషన్లు వయసుతోపాటు ఎముక మజ్జలోని మూలకణాల్లో చేరతాయి. దీన్ని క్లోనల్ హీమటోపొయిసిస్ అంటారు. రక్తకణాల నుంచి వచ్చే డీఎన్ఏలో అవి కనబడతాయి, కణితికి సంబంధం ఉండదు. దాచిన బఫీ కోట్ ఇక్కడ పనికొస్తుంది: అందులోనూ అదే డీఎన్ఎమ్‌టీ3ఏ మ్యుటేషన్ కనబడితే విషయం తేలిపోతుంది. ఈ కేసులో తేలింది.

జాగ్రత్త పడాల్సింది టీపీ53, ఏటీఎమ్, చెక్2 లాంటివాటితో, ఎందుకంటే ఇవి కణితిలోనూ వస్తాయి, రక్తకణాల్లోనూ వస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పార్ప్ మందుల (డీఎన్ఏ మరమ్మతును అడ్డుకునేవి) నిర్ణయంలో ఏటీఎమ్, చెక్2 లాంటి జీన్లను చూస్తారు కాబట్టి అక్కడ ఈ పొరపాటు పేషెంట్‌కు పనికిరాని మందు రాయించేస్తుంది. ఇక్కడ టీపీ53 ఈజీఎఫ్ఆర్‌తోపాటే పడిపోయింది, అందుకే దాన్ని కణితిదిగానే లెక్కించారు. కదలికను చూసి గుర్తుపట్టడం బఫీ కోట్ లేనప్పుడు ఉన్న ఒక దారి. అలాగే 50 శాతం దగ్గర ఏ శాంపిల్‌లోనూ కదలకుండా కూర్చున్న మ్యుటేషన్ కనబడితే అది పుట్టుకతో వచ్చినదేమో చూడాలి. అప్పుడు జెనెటిక్ కౌన్సెలింగ్, పిల్లల పరీక్షల సంగతి వస్తుంది.

నెల 9: మే నెల పార్సిల్

తొమ్మిదో నెల మే నెలలో పడింది. ఊళ్లో తీసిన రక్తం హైదరాబాద్ ల్యాబుకు పార్సిల్‌లో వెళ్లింది. శనివారం సాయంత్రం ఎక్కించిన పెట్టె సోమవారం దాకా గోదాములో ఉంది. ఖమ్మం, కొత్తగూడెం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. ట్యూబు భరించేది 37.

ల్యాబు ప్లాస్మా తీస్తే మి.లీ.కి 95 నానోగ్రాములు వచ్చింది. ఈ పేషెంట్‌కు మామూలుగా వచ్చేది 6. జబ్బు విజృంభించిందా? ముక్కల పొడవు చూస్తే జవాబు దొరికింది. శరీరంలో సహజంగా విడుదలయ్యే సీఎఫ్‌డీఎన్ఏ ఒక న్యూక్లియోసోమ్ (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్ ఉండ) చుట్టూ చుట్టుకున్న ముక్క, 166 బేస్‌పెయిర్ల (డీఎన్ఏ అక్షరాల జతల) దగ్గర శిఖరం ఉంటుంది. కణితి ముక్కలు ఇంకొంచెం పొట్టివి. ఈ శాంపిల్‌లో గ్రాఫ్ కుడివైపు వేల బేస్‌పెయిర్ల దగ్గర గుట్టలా లేచింది. అంటే ట్యూబులో చితికిన తెల్లకణాల డీఎన్ఏ. డీడీపీసీఆర్ "కనబడలేదు" అంది, కానీ ఆ మాటను నమ్మలేం: అసలు 6 నానోగ్రాముల్లో 0.5 శాతం మ్యుటేషన్ ఉండి ఉంటే 95లో అది 0.03 శాతానికి పలుచబడుతుంది, పరీక్ష పట్టే హద్దు కిందికి పోతుంది. శాంపిల్‌ను తిరస్కరించి మళ్లీ తీయమన్నారు. సరైన పని.

మళ్లీ తీసిన శాంపిల్ సోమవారం పొద్దున తీసి, థర్మోకోల్ పెట్టెలో గది ఉష్ణోగ్రతకు తెచ్చిన జెల్ ప్యాకుల మధ్య పెట్టి, రాత్రి బస్సుకు ఎక్కించారు. ఫ్రీజర్ నుంచి నేరుగా తీసిన ఐస్ ప్యాకు ట్యూబుకు తగిలితే ఇంకో రకం నష్టం, 6 డిగ్రీల కిందికి పోతుంది. పెట్టెలో చిన్న టెంపరేచర్ లాగర్ పడేస్తే వాదనలకు తావుండదు. వేసవిలో వారాంతం ముందు శాంపిల్ పంపకూడదనేది ఊళ్లలోని కలెక్షన్ సెంటర్ గోడ మీద రాసి పెట్టుకోదగ్గ మాట. ఇంకా మంచిది, దగ్గర్లో సెంట్రిఫ్యూజ్ ఉన్న చోట ప్లాస్మా వేరు చేసి డ్రై ఐస్‌లో పంపడం.

"కనబడలేదు" అన్న మాట మీద ఇంకొక్క లెక్క. పరీక్షలోకి వెళ్లిన డీఎన్ఏ 5 నానోగ్రాములే అయితే అందులో ఉన్నవి 1,500 కాపీలు. 0.1 శాతం మ్యుటేషన్ నిజంగా ఉన్నా సగటున 1.5 మ్యుటెంట్ కాపీలు. అలాంటప్పుడు యాదృచ్ఛికంగా ఒక్కటీ పడకపోయే అవకాశం 22 శాతం. అంటే దాదాపు ఐదింట ఒకసారి సున్నా వస్తుంది. అందుకే రిపోర్టులో ఎన్ని మి.లీ. ప్లాస్మా, ఎన్ని నానోగ్రాములు వాడారు, ఆ ఇన్‌పుట్‌కు పట్టే హద్దు ఎంత, రక్తం తీసిన వేళ, ప్లాస్మా వేరు చేసిన వేళ రాయమని ల్యాబును పట్టుబట్టాలి. ఇవి లేని నెగెటివ్ రిపోర్టు ఫైల్లో పెట్టుకోవడానికి తప్ప దేనికీ రాదు.

నెల 12, 13: మార్చాలా, వద్దా

పన్నెండో నెలలో 0.12 శాతం. 8 మి.లీ. ప్లాస్మా నుంచి 56 నానోగ్రాములు వచ్చింది, అందులో సగం పరీక్షకు వాడారు: 8,400 కాపీలు, మ్యుటెంట్లు 10. పది అన్న లెక్కకు కేవలం యాదృచ్ఛికత వల్లే 5 నుంచి 18 దాకా ఊగే స్వేచ్ఛ ఉంది. పైగా ఎక్సాన్ 19 డిలీషన్‌కు వాడే డ్రాప్-ఆఫ్ అస్సే (మామూలు డీఎన్ఏ సంకేతం రాని చుక్కలను లెక్కించే పద్ధతి), డీఎన్ఏ నాణ్యత బాగోకపోతే ఒకటి రెండు తప్పుడు పాజిటివ్ డ్రాప్‌లెట్లు చూపిస్తుంది. ఒక్క శాంపిల్ మీద ఏ నిర్ణయమూ తీసుకోకుండా నాలుగు వారాలకు మళ్లీ తీశారు. ఈసారి 9,600 కాపీల్లో 34 మ్యుటెంట్లు, ఊగే పరిధి 23 నుంచి 47. రెండు పరిధులూ ఎక్కడా కలవవు. పెరుగుదల నిజం.

నిజమే, కానీ దానితో ఏం చేయాలి? సీటీలో మార్పు లేదు, మనిషి పొలం పనికి వెళ్లొస్తోంది. అప్పుడు మందు మార్చలేదు. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అభిప్రాయాలు చీలతాయి.

ముందుగా తెలుసుకోవడం వేరు, ముందుగా మార్చడం వల్ల మేలు జరగడం వేరు. అమెరికాలో స్వాగ్ ఎస్0500 అనే ట్రయల్ 2014లో ఈ విషయాన్ని కుండబద్దలు కొట్టింది. అది డీఎన్ఏ మీద కాదు, రక్తంలో తిరిగే కణితి కణాల మీద. రొమ్ము క్యాన్సర్‌లో కీమో మొదటి సైకిల్ తర్వాత ఆ కణాలు తగ్గనివాళ్లకు వెంటనే కీమో మార్చారు, బతికే కాలం పెరగలేదు. ఆ కణాలు తగ్గనివాళ్ల జబ్బు గట్టిదని తెలిసింది, కానీ చేతిలో ఉన్న ఇంకో కీమో కూడా దానికి పనిచేయలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో యూరప్‌లో జరిగిన యాపిల్ ట్రయల్‌లో జెఫిటినిబ్ (పాత తరం ఈజీఎఫ్ఆర్ మాత్ర) మీద ఉన్నవాళ్ల ప్లాస్మాలో దానికి లొంగనివ్వని టీ790ఎమ్ మ్యుటేషన్ వెతుకుతూ, కనబడితే స్కాన్‌లో జబ్బు పెరిగేదాకా ఆగకుండా ఒసిమెర్టినిబ్‌కు మార్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. పద్ధతి నడుస్తుందని తేలింది, అయితే స్కాన్‌లో జబ్బు పెరిగాక మార్చినదానికన్నా బతికే కాలం పెరుగుతుందని అది రుజువు చేయలేదు. ఒసిమెర్టినిబే మొదటి మందయ్యాక ఆ ప్రశ్న కూడా చాలావరకు పక్కకు పోయింది.

రెండో వైపు రొమ్ము క్యాన్సర్‌లో ఈఎస్ఆర్1 (ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జీన్) కథ ఉంది, అది వేరు. ఫ్రాన్స్‌లో పాడా-1 ట్రయల్ అరోమటేజ్ ఇన్‌హిబిటర్ (ఈస్ట్రోజెన్ తయారీని ఆపే మందు), పాల్బోసిక్లిబ్ మీద ఉన్నవాళ్ల రక్తంలో ఈఎస్ఆర్1 మ్యుటేషన్ తలెత్తగానే ఫుల్వెస్ట్రాంట్‌కు (ఆ రిసెప్టర్‌నే అణిచే మందు) మార్చింది. జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 5.7 నెలల నుంచి 11.9 నెలలకు చేరింది. 2025లో వచ్చిన సెరీనా-6లో రెండు మూడు నెలలకోసారి రక్తం చూసి, ఈఎస్ఆర్1 మ్యుటేషన్ కనబడగానే అదే తరహా కామిజెస్ట్రాంట్‌కు మార్చితే 16.0 నెలలు, మార్చకపోతే 9.2 నెలలు. ఇక్కడ పనిచేయడానికి కారణం తేలిక: కనబడిన మ్యుటేషనే పాత మందు ఎందుకు పనిచేయడం లేదో చెబుతోంది, కొత్త మందు సరిగ్గా దానికి విరుగుడు. అక్కడ కూడా మొత్తం ఆయుష్షు పెరుగుతుందా అన్న చర్చ ఇంకా తెగలేదు.

మన పేషెంట్ రక్తంలో పెరిగింది అసలు ఎక్సాన్ 19 డిలీషన్ మాత్రమే. అది జబ్బు కదులుతోందని చెబుతుంది, ఎందుకు కదులుతోందో చెప్పదు. విరుగుడు ఏదో తెలియకుండా పనిచేస్తున్న మందును ఆపడం నష్టం. ఒసిమెర్టినిబ్ తర్వాత మిగిలేది ఎక్కువగా కీమోతో కూడినదే. నాలుగైదు నెలలు సుఖంగా గడిచే కాలాన్ని సెలైన్ స్టాండ్ పక్కన గడపమని చెప్పాల్సి వస్తుంది. 2022 నాటి ఎస్మో (యూరప్ క్యాన్సర్ వైద్యుల సంఘం) సిఫారసులు కూడా అడ్వాన్స్‌డ్ క్యాన్సర్‌లో మందు ఎంచుకునే మ్యుటేషన్ కోసం రక్తపరీక్షను సమర్థించాయి, మామూలు ఫాలోఅప్‌లో మందు మార్చడానికి సమర్థించలేదు.

మార్చినవి మూడే: సీటీ మూడు నెలల నుంచి రెండు నెలలకు దగ్గరైంది, మెదడు ఎంఆర్ఐ చేశారు, బయాప్సీకి అనువైన చోటు దొరికితే వెంటనే తీసేందుకు ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్లకు (స్కాన్ చూస్తూ సూదితో ముక్క తీసేవాళ్లు) ముందే చెప్పి ఉంచారు. ఎంఆర్ఐ శుభ్రంగా వచ్చింది. మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అన్నదీ అడిగారు. రాసిస్తే చిన్న విషయంలా కనబడుతుంది, కానీ ఖర్చు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లుంటారు. 2024 బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్ మీద కస్టమ్స్ సుంకం తీసేసినా ఇప్పటికీ ఇది ఖరీదైన మందే.

నెల 15: రక్తం చెప్పలేనిది

కాలేయంలో 2 సెం.మీ. కొత్త మచ్చ. ఈసారి పూర్తి ప్యానెల్: ఎక్సాన్ 19 డిలీషన్ 2.4, టీపీ53 2.1, కొత్తగా ఆర్‌బీ1 1.7 శాతం. ఒసిమెర్టినిబ్‌కు లొంగనివ్వని సీ797ఎస్ మ్యుటేషన్ లేదు, మెట్ యాంప్లిఫికేషన్ (మెట్ జీన్ కాపీలు పెరగడం) లేదు.

ఫ్లారా ట్రయల్‌లో ఒసిమెర్టినిబ్ మొదటి మందుగా ఇచ్చినవాళ్లలో జబ్బు పెరిగాక ప్లాస్మాలో మెట్ యాంప్లిఫికేషన్ 15 శాతం, సీ797ఎస్ 7 శాతం కనబడ్డాయి. సీ797ఎస్ దొరికి, టీ790ఎమ్ లేకపోతే జెఫిటినిబ్ లాంటి పాత మందు మళ్లీ పనిచేయవచ్చు. అయితే "మెట్ లేదు" అన్న మాటను ప్లాస్మా నుంచి తీసుకోవడం ప్రమాదం. కణితి కణానికి 10 మెట్ కాపీలున్నాయనుకోండి, ప్లాస్మాలో కణితి వాటా 5 శాతం. మొత్తం మీద కనబడే కాపీల సంఖ్య 2 బదులు 2.4. అంత చిన్న తేడాను సీక్వెన్సింగ్ గోల నుంచి వేరుచేయడం కష్టం. యాంప్లిఫికేషన్ విషయంలో పాజిటివ్‌ను నమ్మవచ్చు, నెగెటివ్‌ను టిష్యూలో ఫిష్‌తో (కణాల్లో జీన్ కాపీలను మెరిసే రంగుతో లెక్కించే పరీక్ష) తేల్చుకోవాలి.

అసలు సూచన ఆర్‌బీ1. ఈజీఎఫ్ఆర్, టీపీ53, ఆర్‌బీ1 మూడూ కలిస్తే అడినోకార్సినోమా స్మాల్ సెల్‌గా (వేగంగా పెరిగే వేరే రకం క్యాన్సర్) మారే అవకాశం గుర్తుకు రావాలి. రక్తంలోని డీఎన్ఏ ముక్కకు కణం రూపం తెలియదు. స్మాల్ సెల్ అయినా, అడినో అయినా అదే ఎక్సాన్ 19 డిలీషన్ వస్తుంది. కాలేయ బయాప్సీలో స్మాల్ సెల్ కార్సినోమా: ఆ రకానికి గుర్తులైన సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్ పాజిటివ్, కణాల విభజన వేగం చూపే కేఐ-67 90 శాతం. మెట్ ఫిష్ నెగెటివ్. రక్తం రిపోర్టు ఒక్కటే చూసుకుని "రెసిస్టెన్స్ మ్యుటేషన్ దొరకలేదు" అనుకుని అడినోకు ఇచ్చే పెమెట్రెక్సెడ్ కీమోకు వెళ్లి ఉంటే సగం గురి తప్పేది.

స్మాల్ సెల్‌కు ఇచ్చే కీమో మొదలైంది: కార్బోప్లాటిన్ ఏయూసీ 5 (కిడ్నీ పనితీరును బట్టి వేసే డోసు), ఎటోపొసైడ్ చదరపు మీటరుకు 100 మి.గ్రా. మూడు రోజులు, 21 రోజులకోసారి. ఒసిమెర్టినిబ్ ఆపలేదు, ఎందుకంటే మిగతా చోట్ల పాత అడినో క్లోన్ ఇంకా ఉందనే అనుకోవాలి. ఇందులో అందరిదీ ఒకే మాట కాదు. రక్తకణాల సంఖ్య వారం వారం చూసుకోగలిగితేనే ఇలా కలపాలి. రెండు సైకిళ్ల తర్వాత, మూడో సైకిల్ ఎక్కించే ముందు తీసిన శాంపిల్‌లో 0.2 శాతం. కాపీలు 79 నుంచి 5కు. కాలేయం మచ్చ చిన్నదైంది.

నెల 19: శుభ్రమైన రక్తం, తలనొప్పి

నాలుగు సైకిళ్లు పూర్తయ్యాయి. ప్లాస్మా నెగెటివ్, ఇన్‌పుట్ సరిపడా ఉంది, ముక్కల గ్రాఫ్ బాగుంది. ఛాతీ, కాలేయం స్కాన్ బాగుంది. పేషెంట్‌కు పొద్దున పూట తలనొప్పి, ఒకసారి వాంతి. రక్తం బాగుందని చూసి గ్యాస్ ట్రబుల్ మాత్ర రాసి పంపకూడని సందర్భమిది. రక్త-మెదడు అడ్డుగోడ వల్ల మెదడులోని కణితి ప్లాస్మాలోకి చాలా తక్కువ డీఎన్ఏ వదులుతుంది. మెదడులోనే పెరిగిన జబ్బుకు ప్లాస్మా నెగెటివ్ రావడం మామూలే. ఎంఆర్ఐలో మూడు చిన్న మచ్చలు, వాటికి స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ (మచ్చ మీదికే గురిపెట్టే రేడియేషన్).

మెనింజీస్ (మెదడు పొరలు) మీద జబ్బు ఉందన్న అనుమానం ఉంటే వెన్నులోంచి తీసిన సీఎస్ఎఫ్‌లో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) ఇదే పరీక్ష చేయవచ్చు, ప్లాస్మా కన్నా అక్కడ దొరికే అవకాశం చాలా ఎక్కువ. తీసేముందు ఎంఆర్ఐ చూసి తలలో ఒత్తిడి లేదని నిర్ధారించుకోవాలి. ఒక వాటా సైటాలజీకి వెంటనే పంపాలి. రెండోది తిప్పి, పైన తేరిన కణాల్లేని ద్రవాన్ని డీఎన్ఏకు వాడాలి, ఎందుకంటే అడుగున చేరే కణాల్లో ఎక్కువ భాగం మామూలు తెల్లకణాలే. ఈ కేసులో మెనింజీస్ మీద ఏమీ కనబడలేదు కాబట్టి దాని అవసరం రాలేదు. ఇకమీదట ప్లాస్మా ఆరు వారాలకోసారి, డీడీపీసీఆర్‌తో. మెదడు ఎంఆర్ఐ మాత్రం ప్లాస్మా ఏం చెప్పినా రెండు నెలలకోసారి.